రెండు గ్రాఫిక్స్ ఉన్న సిస్టమ్‌లో డిస్‌ప్లే దేని నుంచి రావాలి? బయోస్‌లో సెట్ చేసుకునే పద్ధతి

"అన్నా, కొత్త కార్డు పెట్టినం. ఫ్యాన్లు తిరుగుతున్నయ్ గానీ డిస్‌ప్లే వస్తలేదు."

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే మనందరి సీటీసీ, లోపల కాసేపు తిరిగితే ఈ మాట ఏదో ఒక కౌంటర్ దగ్గర చెవిన పడుతుంది. అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న కూడా మారదు: "కేబుల్ ఎక్కడ పెట్టినవ్ తమ్ముడూ?"

ఆ ప్రశ్నకు జవాబు, దాని తర్వాత బయోస్‌లో చూసుకోవాల్సిన ఒకే ఒక్క సెట్టింగ్. ఈ రెండూ తెలిస్తే క్యాబినెట్‌ను ఆటోలో వేసుకుని అంత దూరం పోవాల్సిన పని చాలామందికి ఉండదు. ఇది ముఖ్యంగా డెస్క్‌టాప్‌ల కోసం రాసినది. ల్యాప్‌టాప్‌ల సంగతి చివర్లో ఉంది.

ఈ సెట్టింగ్ దేన్ని మారుస్తుంది, దేన్ని మార్చదు

పవర్ బటన్ నొక్కగానే నడిచేది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీది చిన్న చిప్‌లో ఉండే ప్రోగ్రామ్ ముందు లేచి ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను, స్లాట్లలోని కార్డులను ఒక్కొక్కటిగా పరీక్షిస్తుంది. కొత్త బోర్డుల్లో దాని అసలు పేరు యూఈఎఫ్‌ఐ అయినా అందరం బయోస్ అనే అంటున్నాం కాబట్టి ఇక్కడా అదే వాడతాను. తెర మీద మొదటి అక్షరం కనిపించాలంటే ఏదో ఒక గ్రాఫిక్స్‌కు ఆ పని అప్పగించాలి. ప్రాసెసర్ లోపలే ఉండే గ్రాఫిక్స్‌కా, పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో విడిగా పెట్టిన కార్డుకా? ప్రైమరీ డిస్‌ప్లే సెట్టింగ్ తేల్చేది ఇదే.

మామూలుగా ఇది "ఆటో"లో ఉంటుంది. ఆటోలో చాలా బోర్డులు స్లాట్‌లో కార్డు కనిపిస్తే దానికే డిస్‌ప్లే అప్పగిస్తాయి. అంతటితో ఊరుకోకుండా ప్రాసెసర్ గ్రాఫిక్స్‌ను పూర్తిగా ఆపేసే బోర్డులూ ఎక్కువే. నిన్నటిదాకా పనిచేసిన మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐ పోర్టు కార్డు పెట్టగానే "నో సిగ్నల్" అనడానికి కారణం ఇది. పోర్టు చెడిపోలేదు, బయోస్ దాన్ని ఆపింది, అంతే.

ఇది తేల్చని విషయం ఒకటుంది: ఒక గేమ్ గానీ సాఫ్ట్‌వేర్ గానీ ఏ కార్డు మీద నడవాలన్నది. ఆ పని విండోస్‌ది. విండోస్ 10లో 2018 నాటి 1803 వెర్షన్ నుంచి సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అనే పేజీ ఉంది. అక్కడ ఒక్కో ప్రోగ్రామ్‌కు "పవర్ సేవింగ్" కావాలో "హై పెర్ఫార్మెన్స్" కావాలో విడివిడిగా చెప్పొచ్చు. గేమ్ స్లోగా ఉందని నేరుగా బయోస్‌లోకి వెళ్లేవాళ్లు ముందు ఈ పేజీ చూడాలి.

ముందు ప్రాసెసర్ పేరు చదవండి

బిల్లు తీయండి, లేదా టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి ప్రాసెసర్ పేరు చూడండి. ఇంటెల్‌లో చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ లేదు. ఐ5 12400లో ఉంటుంది, ఐ5 12400ఎఫ్‌లో ఉండదు. కేఎఫ్ అని ఉన్నా లేనట్టే. ఏఎమ్‌డీ రైజెన్‌లో 5000 సిరీస్ దాకా లెక్క తిరగేసి ఉంటుంది: చివర జీ ఉంటేనే గ్రాఫిక్స్. 5600జీలో ఉంటుంది, 5600ఎక్స్‌లో ఉండదు. 2022లో వచ్చిన 7000 సిరీస్ నుంచి డెస్క్‌టాప్ రైజెన్‌లలో దాదాపు అన్నింటిలోనూ చిన్న గ్రాఫిక్స్ ఉంటోంది. 7500ఎఫ్, 8400ఎఫ్ లాంటి ఎఫ్ మోడళ్లలో మాత్రం లేదు.

మీది ఎఫ్ మోడల్ గానీ 5600ఎక్స్ లాంటి గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ గానీ అయితే మదర్‌బోర్డు వెనుక హెచ్‌డీఎంఐ పోర్టు కనిపిస్తున్నా అది ఏనాటికీ పనిచేయదు. బయోస్‌లో ఏది మార్చినా ఫలితం ఉండదు. మానిటర్ కార్డుకు పెట్టుకోండి, మీ పని అక్కడితో అయిపోయినట్టే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అసెంబుల్డ్ సిస్టమ్ కొటేషన్‌లో ధర తగ్గించడానికి ఎఫ్ మోడల్ పెట్టడం మామూలే. తేడా మీ బడ్జెట్‌కు తట్టుకునేదైతే ఎఫ్ లేనిదే తీసుకోండి. కార్డు ఎప్పుడైనా పాడై వారంటీకి పంపాల్సి వస్తే, అది తిరిగొచ్చేదాకా ఎఫ్ ఉన్న సిస్టమ్ మూలన పడి ఉంటుంది. ఎఫ్ లేని సిస్టమ్‌లో కార్డు తీసేసి, కేబుల్‌ను మదర్‌బోర్డుకు మార్చి ఆ రోజే పని మొదలుపెట్టుకోవచ్చు. ఇంట్లో ఒకటే సిస్టమ్ ఉండి, దాని మీదే చదువో ఉద్యోగమో నడుస్తున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మీ పనికి ఏది ముందుండాలి

గేమ్స్ కోసమే కార్డు కొన్నారా? కార్డే ముందు. ఆటో సరిపోతుంది. ఆటో సరిగా పట్టుకోకపోతే పీసీఐ ఎక్స్‌ప్రెస్ అని ఖాయం చేయండి.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లది వేరే కథ. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో 4:2:2 10 బిట్ హెచ్‌ఈవీసీలో, అంటే రంగుల వివరం ఎక్కువగా ఉండే ఒక వీడియో ఫార్మాట్‌లో, రికార్డు చేస్తున్నారు. ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ దాకా ఎన్‌వీడియా కార్డుల్లోని వీడియో డీకోడర్ ఈ రకం ఫైళ్లను అందుకోదు. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే ఆ సౌకర్యం చేరింది. కానీ ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్ గ్రాఫిక్స్‌లోని క్విక్ సింక్ అనే వీడియో భాగం ఈ ఫైళ్లను తేలిగ్గా విప్పుతుంది. ఖరీదైన కార్డు పెట్టినా టైమ్‌లైన్ కదలకుండా మొరాయిస్తుంటే, ఎక్కువ వీఆర్ఏఎమ్ (కార్డు సొంత మెమరీ) ఉన్న కార్డు కోసం డబ్బు పోయకముందు బయోస్‌లో ప్రాసెసర్ గ్రాఫిక్స్ ఆగిపోయి ఉందేమో చూడండి. మీకు కావాల్సింది ఇది: మానిటర్ కార్డుకే ఉండాలి, ప్రైమరీ కార్డే కావాలి, కానీ ప్రాసెసర్ గ్రాఫిక్స్ కూడా ఆన్‌లో ఉండాలి. దానికి వేరే ఆప్షన్ ఉంది, బోర్డుల దగ్గర చెబుతాను. తర్వాత ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో ఇంటెల్ హార్డ్‌వేర్ డీకోడింగ్‌కు టిక్ పెట్టండి.

అమీర్‌పేటలో మెషిన్ లెర్నింగ్ కోర్సులో చేరి, ఇంట్లో 8 జీబీ కార్డు మీద మోడళ్లు నడిపి చూసుకునే విద్యార్థులకు దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి మేలు. డెస్క్‌టాప్, బ్రౌజర్‌లో తెరిచి పెట్టిన ట్యాబులు, పక్కన రెండో మానిటర్ అన్నీ కలిసి కార్డు మెమరీలో కొన్ని వందల ఎంబీలు తినేస్తాయి. 8 జీబీలో అంచుల దాకా నిండే మోడల్‌కు ఆ కొన్ని వందలే అడ్డం పడతాయి. ప్రాసెసర్ గ్రాఫిక్స్‌ను ప్రైమరీ చేసి, మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు పెడితే కార్డు మెమరీ దాదాపు మొత్తం మీ మోడల్‌కే మిగులుతుంది. అప్పుడప్పుడు గేమ్ ఆడినా ఇబ్బంది లేదు. విండోస్ గేమ్‌ను కార్డు మీదే నడిపి, బొమ్మను మదర్‌బోర్డు పోర్టు నుంచి చూపిస్తుంది. ఫ్రేమ్ రేటు కొద్దిగా తగ్గుతుంది, అంతే.

లినక్స్ మీద వర్చువల్ మెషిన్ పెట్టి దానికి కార్డును పూర్తిగా అప్పగించాలనుకునేవాళ్లు కూడా ప్రాసెసర్ గ్రాఫిక్స్‌నే ప్రైమరీ చేసుకోవాలి. లేకపోతే బూట్ సమయంలోనే అసలు సిస్టమ్ కార్డును పట్టేసుకుంటుంది, తర్వాత విడిపించడం తలనొప్పి.

క్యాబినెట్ వెనక్కి వెళ్లి చూడండి

బయోస్ ముట్టుకోకముందు టార్చ్ వేసుకుని క్యాబినెట్ వెనుక చూడండి. మామూలు టవర్ క్యాబినెట్‌లో పై భాగాన యూఎస్‌బీ పోర్టులు, ఇంటర్నెట్ కేబుల్ పెట్టే చోటు, రంగురంగుల ఆడియో రంధ్రాలు ఒకే పలక మీద ఉంటాయి. ఆ పలక మీదే ఉన్న హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్ట్, వీజీఏలు మదర్‌బోర్డువి. వాటికి కాస్త కిందుగా, అడ్డంగా వరుసగా ఉండే ఇనుప పట్టీల దగ్గర రెండు పట్టీల వెడల్పున కనిపించే పోర్టులు గ్రాఫిక్స్ కార్డువి. కొత్త కార్డైతే ఆ పోర్టులకు ప్లాస్టిక్ మూతలు కూడా ఉండొచ్చు. వాటిని తీయకుండా కేబుల్ పైన పెట్టేసేవాళ్లు చాలామంది.

కార్డుకు ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై డబ్బా) నుంచి వచ్చే పవర్ కేబుల్ కూడా చూడండి. స్లాట్ నుంచి కార్డుకు అందేది 75 వాట్లు. 6 పిన్ కేబుల్ మరో 75, 8 పిన్ కేబుల్ 150 ఇస్తాయి. కార్డు మీద ఆ సాకెట్ ఉండి దాన్ని ఖాళీగా వదిలేస్తే ఫ్యాన్ తిరిగినా బొమ్మ రాదు. కొన్ని ఎన్‌వీడియా కార్డులు మాత్రం సిస్టమ్ ఆపి పవర్ కేబుల్ తగిలించమని తెర మీదే రాసి చూపిస్తాయి.

బోర్డు మీద వీజీఏ అని రాసి ఉన్న చిన్న లైటు వెలిగి ఆరకుండా ఉందా? చాలా బోర్డుల్లో స్పీకర్ పెడితే ఒక పొడవాటి బీప్, వెంట రెండో మూడో పొట్టి బీపులు వినిపిస్తాయి. ఈ రెండూ కార్డు బోర్డుకు అందలేదనే చెబుతున్నాయి. ప్లగ్ తీసేసి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి చేత్తో తాకి, కార్డు బయటికి తీసి మళ్లీ "టక్" మనేలా స్లాట్‌లో కూర్చోబెట్టండి. ఇది సెట్టింగ్‌తో తీరే సమస్య కాదు.

మార్చడానికి ముందు

రెండు పనులు. మొదటిది బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం. విండోస్ 11 వచ్చిన చాలా సిస్టమ్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో మార్పు చేశాక విండోస్ 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందో లేదో ఫోన్‌లో ముందే తెరిచి చూసి, కాగితం మీద రాసుకోండి. కీ లేకపోతే డేటా తిరిగి రాదు కాబట్టి ఈ మెట్టు దాటవేయొద్దని బతిమాలి చెబుతున్నాను.

రెండోది ఫొటోలు. బయోస్‌లోకి వెళ్లాక ఏదీ మార్చకుండా ప్రతి పేజీని ఫోన్‌తో ఫొటో తీయండి. అవసరం ఏమిటో కిందికి వెళ్లాక అర్థమవుతుంది.

బయోస్ అప్‌డేట్ మాత్రం దీనికోసం చేయకండి. సెట్టింగ్ మార్చేటప్పుడు కరెంటు పోయినా నష్టం లేదు. అప్‌డేట్ మధ్యలో పోతే బోర్డే పోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచే మన ఊళ్లో యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోకూడదు.

బయోస్‌లోకి వెళ్లడం

సిస్టమ్ ఆన్ చేసిన వెంటనే డిలీట్ కీని టకటకా నొక్కుతూ ఉండండి. ఆసుస్, గిగాబైట్, ఎమ్‌ఎస్‌ఐ, ఆస్‌రాక్ బోర్డులన్నింటికీ డిలీట్ పనిచేస్తుంది. డెల్ సిస్టమ్‌లకు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, లెనోవో థింక్‌సెంటర్‌కు ఎఫ్1.

కీ పట్టకుండా నేరుగా విండోస్ వచ్చేస్తుంటే ఫాస్ట్ బూట్ ఆన్‌లో ఉండి ఉంటుంది. అప్పుడు విండోస్ లోపలి నుంచే వెళ్లొచ్చు. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టండి. నీలం తెర మీద ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ వరుసగా ఎంచుకోండి. బ్లూటూత్ కీబోర్డు బయోస్‌లో పనిచేయకపోవచ్చు, వైరు కీబోర్డు ఒకటి దగ్గర పెట్టుకోండి.

మొదట వచ్చేది ఈజీ మోడ్. అందులో మనకు కావాల్సింది ఉండదు. అడ్వాన్స్‌డ్ మోడ్‌కు వెళ్లడానికి ఆసుస్, ఎమ్‌ఎస్‌ఐలలో ఎఫ్7, ఆస్‌రాక్‌లో ఎఫ్6, కొత్త గిగాబైట్ బోర్డుల్లో ఎఫ్2.

ఏ బోర్డులో ఎక్కడ ఉంటుంది

ఒకే పనికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, ఇబ్బంది అంతా అక్కడే. ముందు పొట్టి మాటలు గుర్తుపెట్టుకోండి. ఐజీడీ, ఐజీఎఫ్ఎక్స్, ఐజీపీయూ, సీపీయూ గ్రాఫిక్స్, ఆన్‌బోర్డ్: ఇవన్నీ ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కు పేర్లే. పీఈజీ, పీసీఐఈ, పీసీఐ ఎక్స్‌ప్రెస్ అంటే విడి కార్డు.

ఆసుస్ ఇంటెల్ బోర్డులో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో సిస్టమ్ ఏజెంట్ కాన్ఫిగరేషన్, అందులో గ్రాఫిక్స్ కాన్ఫిగరేషన్ తెరవండి. "ప్రైమరీ డిస్‌ప్లే" అక్కడ ఉంటుంది. దాని కిందే "ఐజీపీయూ మల్టీ మానిటర్" ఉంటుంది. పైన వీడియో ఎడిటర్లకు చెప్పిన ఆప్షన్ ఇదే. దీన్ని ఎనేబుల్ చేస్తే కార్డు ప్రైమరీగా ఉన్నా ప్రాసెసర్ గ్రాఫిక్స్ ఆగదు. ఆసుస్ ఏఎమ్‌డీ బోర్డులో అడ్వాన్స్‌డ్ కింద ఎన్‌బీ కాన్ఫిగరేషన్‌లోకి వెళ్లి "ప్రైమరీ వీడియో డివైస్" చూడండి. ఎఫ్9 నొక్కితే వెతికే పెట్టె వస్తుంది. మెనూల్లో తిరిగే ఓపిక లేకపోతే అందులో టైప్ చేయండి.

గిగాబైట్‌లో సెట్టింగ్స్ ట్యాబ్, ఐఓ పోర్ట్స్, "ఇనీషియల్ డిస్‌ప్లే అవుట్‌పుట్". పాత బోర్డుల్లో ఇది పెరిఫెరల్స్ ట్యాబ్‌లో కనిపిస్తుంది. ఇంటెల్ బోర్డైతే అక్కడే "ఇంటర్నల్ గ్రాఫిక్స్", ఏఎమ్‌డీ బోర్డైతే "ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్" అనే లైన్ ఉంటుంది. రెండూ నడవాలంటే ఇంటెల్‌లో ఎనేబుల్, ఏఎమ్‌డీలో "ఫోర్సెస్" ఎంచుకోండి. గిగాబైట్‌లో నాకు నచ్చే విషయం మరొకటుంది. స్లాట్లు రెండు మూడు ఉన్న బోర్డుల్లో పీసీఐఈ 1 స్లాట్, పీసీఐఈ 2 స్లాట్ అని విడివిడిగా ఎంచుకోనిస్తుంది.

ఎమ్‌ఎస్‌ఐలో సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ కాన్ఫిగరేషన్ లోపల "ఇనీషియేట్ గ్రాఫిక్ అడాప్టర్". పీఈజీ పెడితే కార్డు, ఐజీడీ పెడితే ప్రాసెసర్. ఇంటెల్‌లో "ఐజీడీ మల్టీ మానిటర్" కూడా ఆ పేజీలోనే ఉంటుంది.

ఆస్‌రాక్ ఇంటెల్ బోర్డుల్లో అడ్వాన్స్‌డ్, చిప్‌సెట్ కాన్ఫిగరేషన్, "ప్రైమరీ గ్రాఫిక్స్ అడాప్టర్".

పదిహేనేళ్ల కిందటి బోర్డు ఇంకా వాడుతున్నారా? నీలం తెర మీద పసుపు, తెలుపు అక్షరాల బయోస్‌లో "ఇనిట్ డిస్‌ప్లే ఫస్ట్" అనే మాట కోసం వెతకండి. మౌస్ పనిచేయదు, బాణం కీలతోనే తిరగాలి.

విలువ మార్చాక ఎఫ్10 నొక్కండి. ఏమేం మారాయో చిన్న పెట్టెలో చూపిస్తుంది. మీరు మార్చిన ఒక్క లైనే ఉందో లేదో చదివి, అప్పుడు యెస్ అనండి. వేరే ఏదైనా పొరపాటున మారి ఉంటే పట్టుకోవడానికి అదే చివరి అవకాశం.

ఇక్కడ చాలామంది తడబడతారు: సేవ్ చేసిన వెంటనే, సిస్టమ్ మళ్లీ లేచేలోపు మానిటర్ కేబుల్‌ను మీరు ప్రైమరీ చేసిన వైపుకు మార్చాలి. ప్రాసెసర్ గ్రాఫిక్స్ పెట్టుకుంటే పైన మదర్‌బోర్డు పోర్టుకు, కార్డు పెట్టుకుంటే కింది పోర్టుకు.

సరిగా పట్టిందో లేదో

విండోస్ వచ్చాక సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరవండి. ఈ మానిటర్ దేనికి కనెక్ట్ అయి ఉందో అక్కడ కార్డు పేరుతో సహా రాసి ఉంటుంది. అనుమానం తీరడానికి ఇంతకంటే సూటి దారి లేదు. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద రెండు పేర్లు కనిపిస్తే రెండూ ఆన్‌లో ఉన్నట్టు. ఒకటే కనిపిస్తే రెండోది బయోస్‌లో ఆగి ఉంది, లేదా డ్రైవర్ లేక "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అనే పేరుతో కూర్చుని ఉంది. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ 0, జీపీయూ 1 అని వచ్చే అంకెలను చూసి ప్రైమరీ ఏదో నిర్ణయించకండి, ఆ వరుసకు దీనికి సంబంధం లేదు.

రెండు మానిటర్లు పెట్టుకున్నవాళ్లకు బూట్ సమయంలో లోగో ఒకదాని మీదే రావడం సహజం. అది రెండోదాని మీద కావాలంటే కార్డు మీద కేబుళ్లు ఒకదాని స్థానంలో ఒకటి మార్చి చూడండి. హాల్లో టీవీకి కూడా అదే కార్డు నుంచి హెచ్‌డీఎంఐ లాగి ఉంటే, బయోస్ తెర టీవీ మీద వచ్చి ఇక్కడ మానిటర్ నల్లగా ఉండిపోవచ్చు. అనుమానమొస్తే టీవీ కేబుల్ తీసేసి మళ్లీ ఆన్ చేయండి.

తెర నల్లగా ఉండిపోతే

కంగారు పడొద్దు. మొదట కేబుల్‌ను రెండో పోర్టుకు మార్చి మళ్లీ ఆన్ చేయండి. చాలాసార్లు ఇక్కడే తీరిపోతుంది.

తీరకపోతే, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉన్నవాళ్లు ప్లగ్ తీసి, కార్డు బయటికి తీసేసి, మదర్‌బోర్డు పోర్టుకు కేబుల్ పెట్టి ఆన్ చేయండి. కార్డు లేకపోతే బోర్డుకు ప్రాసెసర్ గ్రాఫిక్స్ తప్ప వేరే దారి ఉండదు. డిస్‌ప్లే వస్తే బయోస్‌లోకి వెళ్లి సెట్టింగ్ సరిచేసి, ఆపి, కార్డు మళ్లీ పెట్టండి.

ఎఫ్ మోడల్ వాళ్లకు, పై దారి పనిచేయనివాళ్లకు సీమోస్ క్లియర్, అంటే బయోస్ సెట్టింగ్‌లన్నీ చెరిపేసే దారి, ఉంది. గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది. దాని క్లిప్‌ను గోటితో వెనక్కి నొక్కితే పైకి లేస్తుంది. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. కార్డు దాని మీదికి వచ్చి చెయ్యి పట్టకపోతే బోర్డు మీద జంట పిన్నులు వెతకండి: ఆసుస్‌లో సీఎల్‌ఆర్‌టీసీ, ఎమ్‌ఎస్‌ఐలో జేబ్యాట్1, గిగాబైట్‌లో సీఎల్‌ఆర్ సీమోస్ అనే పేరు పక్కనే ముద్రించి ఉంటుంది. ప్లగ్ తీసి ఉన్నప్పుడే ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో కొన్ని సెకన్లు కలిపి ఉంచండి.

డీడీఆర్5 ర్యామ్ ఉన్న బోర్డైతే దీని తర్వాత మొదటిసారి లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, తెర నల్లగానే ఉంటుంది. ర్యామ్‌ను కొత్తగా సరిచూసుకుంటోంది. మధ్యలో ఆపకండి.

సీమోస్ క్లియర్ అయ్యాక తేదీ, సమయం మాత్రమే కాదు, మీ సెట్టింగ్‌లన్నీ ఫ్యాక్టరీ స్థితికి పోతాయి. ర్యామ్ వేగం తగ్గుతుంది. సీఎస్‌ఎమ్ (పాత పద్ధతి బూట్‌కు వీలిచ్చేది), వీఎమ్‌డీ (ఇంటెల్ బోర్డుల్లో స్టోరేజ్ డ్రైవ్‌ల సెట్టింగ్) లాంటివి మారిపోతే విండోస్ బూట్ కాకుండా నిలిచిపోవచ్చు. "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. విండోస్ ఎక్కడికీ పోలేదు. ముందు తీసిన ఫొటోలు తెరిచి ఒక్కో పేజీ సరిపోల్చి పాత విలువలు పెట్టండి, అదే లేస్తుంది.

పాత కార్డు, కొత్త బోర్డు

తక్కువ ధరకు దొరుకుతుందని జీఫోర్స్ 210 లాంటి కార్డు తెచ్చి కొత్త బోర్డులో పెడితే ఒక చిక్కు వస్తుంది. ఆ కార్డు 2009 నాటిది. యూఈఎఫ్‌ఐతో మాట్లాడే భాగం అప్పటి కార్డుల్లో లేదు. బయోస్‌లో సీఎస్‌ఎమ్ ఆన్‌లో ఉంటేనే బూట్ సమయంలో బొమ్మ చూపగలదు. ప్రైమరీని ఎన్నిసార్లు కార్డుకు మార్చినా మళ్లీ ప్రాసెసర్ గ్రాఫిక్సే వస్తుంటే కారణం ఇదై ఉంటుంది. సీఎస్‌ఎమ్ ఆన్ చేస్తే సెక్యూర్ బూట్ అనే భద్రతా సౌకర్యాన్ని వదులుకోవాలి. విండోస్ 11 వాడేవాళ్లకు నేను ఇచ్చే సలహా: ఆ కార్డు పక్కన పెట్టండి, ఈనాటి ప్రాసెసర్ గ్రాఫిక్సే దానికంటే మెరుగు.

ఇంటెల్ ఆర్క్ కార్డు కొన్నవాళ్లు దీనికి ఎదురుగా చేయాలి: సీఎస్‌ఎమ్ ఆఫ్, అబవ్ 4జీ డీకోడింగ్ ఆన్, రీసైజబుల్ బార్ ఆన్. లేకపోతే కార్డు సగం బలంతోనే నడుస్తున్నట్టుంటుంది.

ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ సిస్టమ్‌లు

కంపెనీలు మార్చేసిన డెల్ ఆప్టిప్లెక్స్, లెనోవో థింక్‌సెంటర్‌లు మన మార్కెట్‌లో బాగా దొరుకుతాయి. పిల్లల చదువుకు మంచి సరుకు. కొనేటప్పుడు డబ్బు ఇవ్వకముందే "అన్నా, ఒక్కసారి బయోస్ ఓపెన్ చేసి చూపియ్" అని అడగండి. పాత ఆఫీసు పెట్టిన అడ్మిన్ పాస్‌వర్డ్ అలాగే ఉండిపోతే ప్రైమరీ డిస్‌ప్లే కాదు కదా, ఏదీ మార్చలేరు. పాస్‌వర్డ్ తీయించాకే బండి ఎక్కించండి.

డెల్‌లో వీడియో విభాగంలో "ప్రైమరీ డిస్‌ప్లే", చాలా మోడళ్లలో దాని దగ్గరే "మల్టీ డిస్‌ప్లే" ఉంటాయి. థింక్‌సెంటర్‌లో డివైసెస్, వీడియో సెటప్, "సెలెక్ట్ యాక్టివ్ వీడియో"లో ఆటో, ఐజీడీ, పీఈజీ కనిపిస్తాయి. చిన్న సైజు డబ్బాలైతే పొట్టి బ్రాకెట్ ఉన్న లో ప్రొఫైల్ కార్డే పడుతుంది, 6 పిన్ కేబుల్ కూడా ఉండదు. అందుకని స్లాట్ ఇచ్చే 75 వాట్లలో నడిచే కార్డులే చూడండి.

విడి కార్డులు రెండు ఉంటే

గిగాబైట్ మినహా చాలా బోర్డుల్లో ఏ స్లాట్ ముందో ఎంచుకునే వీలు ఉండదు. ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న పై స్లాట్‌కే సాధారణంగా మొదటి అవకాశం దక్కుతుంది. డిస్‌ప్లే కావాల్సిన కార్డు కింద ఉంటే రెండింటి చోట్లు మార్చడమే మార్గం. కానీ మార్చేముందు బోర్డు మాన్యువల్ చూడండి. పై స్లాట్‌కు 16 లేన్లుంటే (డేటా వెళ్లే దారులు) కింది స్లాట్‌కు తరచుగా చిప్‌సెట్ ద్వారా వచ్చే 4 లేన్లే ఉంటాయి. బలమైన కార్డును కిందికి దింపితే దాని వేగం తగ్గుతుంది.

ల్యాప్‌టాప్ అయితే

2010లో ఎన్‌వీడియా ఆప్టిమస్ తెచ్చినప్పటి నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో తెర ఎప్పుడూ ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కే కలిపి ఉంటుంది. కార్డు వెనుక నుంచి పని చేసి బొమ్మను దానికి అందిస్తుంది. వాటిలో ప్రైమరీ మార్చే ఆప్షన్ ఉండదు. వెతికి లాభం లేదు. విండోస్ గ్రాఫిక్స్ పేజీలో ప్రోగ్రామ్ వారీగా పెట్టుకోవడమే సరైన పని.

మక్స్ స్విచ్ (తెరను ఏ గ్రాఫిక్స్‌కు కలపాలో మార్చే భాగం) ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో మాత్రం మార్చొచ్చు. లెనోవో లీజన్ లాంటి వాటి బయోస్‌లో "గ్రాఫిక్ డివైస్" అనే లైన్‌లో డిస్క్రీట్ ఎంచుకుంటే తెర నేరుగా కార్డుకు కలుస్తుంది. చాలా కంపెనీల సొంత యాప్‌లో కూడా ఇదే మార్పు ఉంటుంది. మార్చిన ప్రతిసారీ రీస్టార్ట్ అడుగుతుంది. డిస్క్రీట్‌లో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి ఛార్జర్ లేకుండా మెట్రోలో కాలేజీకి తీసుకెళ్లే రోజు, ముందు రాత్రే స్విచబుల్ లేదా హైబ్రిడ్‌కు మార్చి పెట్టుకోండి.